అయ్యవారి రెండవ వృత్తి

కడప సీమలో బడిపంతులును ‘అయ్యవారు’ అని పిలుచుట చిరకాలపు వాడుక. తహసీలుదారు పదవి దిగిన మరునాడు తహసీలుదారు కాడు. అయ్యవారు మాత్రము బడి విడిచి ముప్పదియేండ్లయినను, అంగడిలో కూర్చున్నను, తోటలో మడవ కట్టుచున్నను, ఊరివారి నోట అయ్యవారే. ఈ గౌరవము ఆయనకు పెట్టని కోట. ఒక్కొక్కప్పుడు కాలికి సంకెల కూడ. ‘నిన్నటిదాక పాఠము చెప్పినవాడు నేడు తక్కెడ పట్టినాడే!’ అను మాటకు వెరచి, చాలీచాలని జీతముతో ఇల్లు గడుపుకొనుచు, మనసులో మాట పైకి చెప్పుకొనలేనివారు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలో ప్రతి వీథియందును కనబడుదురు. అట్టివారు వృత్తి మార్చదలచినచో ఏమి చూచుకొనవలెను, ఏమి వెంట తీసికొనిపోగలరు, ఏమి పోగొట్టుకొను ప్రమాదము కలదు అను విషయములను ఈ ప్రసంగమున విచారింతము.

బడి విడుచువారందరు ఒక తీరువారు కారు. ప్రభుత్వ పాఠశాలలో పూర్తికాలము పనిచేసి పదవీ విరమణ పొందినవారు ఒక తరగతి. ఆంధ్రప్రదేశమున 2014లో ఈ వయస్సు 58 నుండి 60కిని, 2022లో 60 నుండి 62కును పెరిగినది. వీరికి రెండవ వృత్తి ప్రొద్దు పుచ్చుటకో, చిరకాలపు కోరిక తీర్చుకొనుటకో ఉపకరించును. నడివయస్సున తమంతట తామే ఉద్యోగము మానదలచువారు రెండవ తరగతి. ప్రైవేటు పాఠశాలలలో పనిచేయువారు మూడవ తరగతి. ఆలోచన ఎక్కువగా అవసరమైనది వీరికే. 2020 మార్చిలో మహమ్మారి వలన బడులు మూతపడినప్పుడు, జీతములు నిలిచి, తెలుగునాట రెండు రాష్ట్రములందును వేలకొలది ప్రైవేటు ఉపాధ్యాయులు కూరగాయలమ్మియు, ఉపాధి హామీ పనులకు పోయియు దినములు గడిపిరి. 2021 ఏప్రిలులో తెలంగాణ ప్రభుత్వము అట్టివారికి నెలకు 2,000 రూపాయలును, 25 కిలోల బియ్యమును ఇచ్చుటకు పూనుకొన్నది. వృత్తి మార్పు కొందరికి కోరి తెచ్చుకొనునది, మరికొందరికి తలుపు తట్టకయే ఇంట ప్రవేశించునది అని ఆనాడు తేటతెల్లమైనది.

సర్వీసులో ఉన్నవారికిని ఇటీవల ఒక కొత్త చింత వచ్చినది. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఒక తీర్పునిచ్చుచు, పదవీ విరమణకు అయిదేండ్లకు మించి గడువున్న ఉపాధ్యాయులు రెండేండ్లలోపల అర్హత పరీక్ష, అనగా టెట్, నెగ్గవలెననియు, లేనిచో ఉద్యోగము విడువవలసి వచ్చుననియు తెలిపినది. ఏండ్ల తరబడి పాఠము చెప్పినవారు మరల పరీక్ష వ్రాయవలసిన స్థితి ఏర్పడుటతో, ‘ఇది కాకున్న మరియేమి?’ అను ప్రశ్న ఎన్నో ఇండ్లలో మొదటిసారిగా వినబడినది.

ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు. మన సాహిత్య చరిత్ర తిరుగవేసినచో, బడి నుండి బయలుదేరి అన్యరంగములను వెలిగించినవారు పెక్కురు కనబడుదురు. గుఱ్ఱము జాషువ చాలకాలము ఉపాధ్యాయుడు, తెలుగు పండితుడు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున యుద్ధ ప్రచారకుడుగను, 1957 మొదలు 1959 వరకు మదరాసు రేడియో కేంద్రమున కార్యక్రమ నిర్మాతగను పనిచేసెను. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున తెలుగు ఆచార్యులైన పింగళి లక్ష్మీకాంతము తరువాత విజయవాడ ఆకాశవాణిలో ప్రసంగములకు, రూపకములకు దిక్సూచియై నిలిచెను. రసాయన శాస్త్రము బోధించిన పాలగుమ్మి పద్మరాజు కథకుడుగ 1952లో ‘గాలివాన’తో ప్రపంచ కథానికల పోటీయందు ద్వితీయ స్థానమందుకొని, పిదప చలనచిత్ర రచనకు మరలెను. ఆయనను ‘బంగారు పాప’ చిత్రముతో ఆ రంగమునకు తెచ్చిన దర్శకుడు బి.ఎన్. రెడ్డి పులివెందుల తాలూకా కొత్తపల్లివాడగుట మన జిల్లావారికి ముచ్చటైన సంగతి. బడిలో చదువు చెప్పిన దేవులపల్లి కృష్ణశాస్త్రి చేత 1951లో ‘మల్లీశ్వరి’కి పాటలు వ్రాయించినదియు ఆ బి.ఎన్. రెడ్డియే.

వీరి జీవితములను పరిశీలించినచో ఒక సంగతి తెలియును. వీరిలో ఎవ్వరును బడిలో నేర్చినదానిని గడప కవతల వదలిపెట్టి పోలేదు. పద్యమును పదిమందికి అర్థమగునట్లు విప్పి చెప్పు నేర్పు జాషువకు రేడియోలో పనికివచ్చినది. విషయమును క్రమముగా నడిపి, వినువాని చెవిని జారిపోనీయకుండ పట్టు విద్య లక్ష్మీకాంతముగారికి తరగతి గదిలో అలవడినదే. వృత్తి మారినను చేతనున్న పనిముట్టు మారలేదు.

వెళ్లి మరల వచ్చినవారును కలరు. మన ప్రాంతమునకు మిక్కిలి దగ్గరివాడైన పుట్టపర్తి నారాయణాచార్యులు దీనికి నిదర్శనము. 1914లో అనంతపురము జిల్లా చియ్యేడులో జన్మించి, ప్రొద్దుటూరున తెలుగు పండితుడై, ఆ ఊరి అగస్త్యేశ్వరాలయమున ‘శివతాండవము’ రచించెను. ఆయన నడుమ తిరువనంతపురము చేరి నిఘంటు నిర్మాణమునందును, ఢిల్లీలో సాహిత్య అకాడమీ గ్రంథాలయమునందును పనిచేసెను. ఎన్నో భాషలు వచ్చినవాడు. విశ్వనాథవారి ‘ఏకవీర’ను మలయాళమునకు అనువదించినవాడు. అయినను తిరిగి కడప చేరి రామకృష్ణ ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పెను. 1972లో పద్మశ్రీ పురస్కారము వచ్చినది. పోయి వచ్చుట పరాభవమని తలచువారికి ఆయన జీవితమే సమాధానము. కమలాపురము తాలూకా రంగసాయిపురమున 1939లో జన్మించిన కేతు విశ్వనాథరెడ్డి పత్రికారంగమున మొదలిడి అధ్యాపకత్వమునకు వచ్చి, కడప ఊర్ల పేర్లపై పరిశోధన చేసి, కథకుడుగ పేరొందెను. బడికిని లోకమునకును నడుమ ఉన్న దారి ఇరువైపుల నడచునదే గాని, ఒకవైపు మూసినది కాదు.

ఇక పేరుప్రతిష్ఠలు లేని సామాన్యుని మాటకు వత్తము. పదేండ్లు బడి చెప్పినవానివద్ద ఉన్న పెట్టుబడి ఏమి? నలుబదిమంది అల్లరి పిల్లలను ఓర్పుతో ఒక దారికి తెచ్చుట ఒకటి. తెలియనివానికి తెలియునట్లు చెప్పుట రెండవది. హాజరుపట్టీ, మార్కుల పట్టిక, ఫీజుల లెక్క తప్పులేకుండ వ్రాయుట మూడవది. సంవత్సరపు పాఠములను నెలలకు, వారములకు పంచి, పరీక్షనాటికి ముగించుట నాలుగవది. అన్నిటికంటె పెద్దది ఊరి నమ్మకము. ఎవరి బిడ్డ ఎట్లు చదివెనో, ఏ ఇంటి పరిస్థితి ఏమో ఎరిగిన మనిషిని జనము త్వరగా నమ్ముదురు. వీటిని ఒక కాగితముపై వ్రాసికొని, ఎదుట ‘దీనితో ఎవరికి పని?’ అని ప్రశ్న వేసికొనుట మొదటి మెట్టు.

ఆ ప్రశ్నకు మూడు ఊళ్లు మూడు విధముల సమాధానము చెప్పును. ప్రొద్దుటూరు బంగారమునకును, బట్టలకును పేరుపడిన వర్తకపు పట్టణము. అంగళ్లలో చిట్టా, ఆవర్జాల కాలము గతించినది. 2017 జూలై 1 నుండి వస్తుసేవల పన్ను వచ్చుటతో చిన్న వర్తకుడుకూడ లెక్కలు కంప్యూటరుపై వ్రాసి, గడువులోపల దాఖలు చేయవలసి వచ్చినది. నగలపై ముద్ర తప్పనిసరియైన పిదప, 2023 ఏప్రిలు 1 నుండి ఆరు అక్షరాంకముల గుర్తింపు సంఖ్య లేని నగను అమ్మరాదు. 24 పాళ్లలో 22 పాళ్లు బంగారమైనచో నూటికి 91.6 అగుననియు, నగపై 916 అను అంకెకు అర్థము అదియేననియు, తరుగు ఎంత, మజూరి ఎంత, పన్ను ఎంత అని కొనువానికి ఓపికతో విడదీసి చెప్పువాడు అంగడికి ఆస్తి. ఈ పని సగము గణిత పాఠమే. లెక్కల అయ్యవారు కొన్నినెలలు లెక్కల కంప్యూటరు విద్య నేర్చినచో ఇట్టి చోట్ల నిలువగలడు. అయితే అంగడి బడివలె సాయంకాలము గంట కొట్టగనే మూయునది కాదు; వేసవి సెలవులు లేవు; దసరా రోజులలో ఊపిరి సలుపదు. ఇది ముందే ఇంటివారితో మాటలాడుకొనవలసిన సంగతి.

జమ్మలమడుగు తీరు వేరు. చుట్టుప్రక్కల భూమి క్రింద కడప బండ కలదు. భూగర్భ శాస్త్రజ్ఞులు ఆ సున్నపురాతి పొరకు మన జిల్లాలోని నర్జి గ్రామము పేరే పెట్టిరి. ఎర్రగుంట్ల వైపున సిమెంటు కర్మాగారములు, 1994లో విద్యుదుత్పత్తి ఆరంభించిన రాయలసీమ తాప విద్యుత్కేంద్రము కలవు. బండల ఫ్యాక్టరీలలో చదరపు అడుగుల లెక్క, లారీ బాడుగ, కూలీల హాజరు చూచు గుమాస్తాకు తరగతిగదిలో అబ్బిన క్రమము ఉపయోగించును. మరియొక దారి గండికోట. ఎర్రమల కొండలను చీల్చుకొని పెన్న ప్రవహించు ఆ లోయను చూచుటకు దూరదేశములనుండి జనము వచ్చుచున్నారు. పెమ్మసాని నాయకుల కథ, మాధవరాయ ఆలయము, జామా మసీదు, ధాన్యపు కొట్టు, 1652లో ఇటకు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే వ్రాతలు, వీటిని చక్కగా జోడించి ఒక గంటసేపు చెప్పగల చరిత్రోపాధ్యాయుడు దారిచూపువాడుగ రాణించును. కాని ఆ ఆదాయము శీతకాలపు సెలవులలో పొంగి, మండువేసవిలో ఇంకిపోవును. దానిని ప్రధాన జీవనముగ గాక ప్రక్క ఆదాయముగ ఎంచుట మేలు.

పులివెందులలో చాలమంది అయ్యవార్లకు తలిదండ్రులనాటి భూమి కలదు. అందుచే ‘బడి మాని తోట చూచుకొందును’ అను మాట ఇక్కడ తరచుగా విందుము. తోటకును బడికిని ఒక పెద్ద భేదమున్నది. బడిలో నెలకొక జీతము. తోటలో కాపునకొక రాబడి. అరటి నాటిన సుమారు ఏడాదికి గెల చేతికివచ్చును. చీనీ చెట్టు కాపు పట్టుటకు నాలుగైదేండ్లు పట్టును. ఈ నడిమికాలమున ఇల్లెట్లు గడచును? పదవీ విరమణ సొమ్మంతయు బోర్లకును, డ్రిప్పు గొట్టములకును ధారపోసి, మూడవయేట నీరు తగ్గినప్పుడు దిక్కుతోచక నిలుచుట కంటె, కొంత భూమిలో అరటియో వేరుసెనగయో వేసి, కొంత మేరనే చీనీ నాటి, రెండేండ్ల ఇంటి ఖర్చును బ్యాంకులో కదపకుండ ఉంచుట వివేకము. మండీలో టన్నుకింతయని తీయు ‘సూటు’ లెక్కను, ధర పడిపోవు నెలలను ముందు తెలిసికొనవలెను. సేద్యములో తలపండిన పొరుగు రైతు ప్రక్కన ఒక ఋతువు శిష్యుడై నిలుచుటకు అయ్యవారు వెనుదీయరాదు.

ప్రైవేటు బడులలో పాఠము చెప్పువారిలో స్త్రీలు చాలమంది. వీరికి ఊరు విడిచి పోవుట సులభము కాదు. పొదుపు సంఘముల లెక్కలు వ్రాయుట, ఆసుపత్రులలోను కార్యాలయములలోను వచ్చినవారికి విషయము తెలిపి నమోదు చేయుట, ఇంటనుండియే అంతర్జాలము ద్వారా పాఠము చెప్పుట వీరికి అందుబాటులోని మార్గములు. 2019 అక్టోబరు 2న ఆరంభమైన గ్రామ, వార్డు సచివాలయముల వ్యవస్థకై లక్షకుపైగా కొలువులకు పరీక్షలు జరిగినవి. చదువు చెప్పుచు చదువు మరువనివారికి అట్టి పరీక్షలు కొరుకుడుపడనివి కావు. ఇట్టి అవకాశము ఎప్పుడు వచ్చునో తెలియదు గనుక, ధ్రువపత్రములన్నియు ఒకచోట సిద్ధముగ ఉంచుకొనుట మంచిది.

ఇంక సొమ్ము సంగతి. తొందరపాటు వలన ఎక్కువ నష్టము కలుగునది ఇచటనే. ప్రభుత్వోపాధ్యాయునికి ‘రాజీనామా’ వేరు, ‘స్వచ్ఛంద పదవీ విరమణ’ వేరు. పాత పింఛను విధానమున ఉన్నవారు 20 ఏండ్ల అర్హ సేవ పూర్తిచేసి, మూడు నెలల ముందు నోటీసు ఇచ్చి స్వచ్ఛందముగ విరమించినచో సేవకు తగిన పింఛను పొందుదురు. రాజీనామా చేసినచో సామాన్యముగ గడచిన సేవ అంతయు లెక్కకు రాకుండ పోవును. వేరొక ప్రభుత్వోద్యోగమునకై ముందు అనుమతి పొంది చేసిన రాజీనామాకు మాత్రము ఈ దోషము లేదు. ఒక్క మాట మార్పుతో ఇరువదియేండ్ల కష్టము గంగపాలు కాగలదు. 2004 సెప్టెంబరు 1 నుండి చేరినవారు చందా పింఛను పథకము క్రిందివారు గనుక, తమ ఖాతాలో ఎంత యున్నది, నడుమ విడిచినచో ఎంత చేతికి వచ్చును అని వేరుగా విచారింపవలెను.

ప్రైవేటు ఉపాధ్యాయులకు గ్రాట్యుటీ ఉన్నదన్న సంగతియే చాలమందికి తెలియదు. 1972 నాటి చట్టములో ఉపాధ్యాయులు ‘ఉద్యోగులు’ అను మాటక్రిందికి రారని 2004లో సుప్రీంకోర్టు చెప్పెను. ఆ లోపమును తీర్చుటకు పార్లమెంటు 2009లో సవరణ చేసి, 1997 ఏప్రిలు 3 నుండియే వర్తించునట్లు శాసించినది. ప్రైవేటు పాఠశాలలవారు దీనిని ప్రశ్నింపగా, 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ సవరణ చెల్లునని తీర్పిచ్చినది. సూత్రము సులభము. అయిదేండ్లు ఎడతెగక పనిచేసినవానికి, చివరి నెల మూలవేతనము, కరువు భత్యము కలిపి, దానిని 26చే భాగించి, 15చే గుణించి, సేవాసంవత్సరములచే మరల గుణింపవలెను. నెలకు 20,000 రూపాయల వేతనముతో 12 ఏండ్లు పనిచేసినవారికి ఈ లెక్కన సుమారు 1,38,461 రూపాయలు వచ్చును. 2020 నాటి సాంఘిక భద్రతా స్మృతియు ఏడాదికి పదునైదు దినముల వేతనమను ఈ కొలతనే గైకొన్నది. ఒక చిన్న అంగడి తెరచుటకో, ఆరునెలలు వేరొక విద్య నేర్చుటకో చాలిన సొమ్మును అడుగక విడిచిపోవుట తగునా? అడుగుటకు ఆధారము కావలెను గనుక, నియామక పత్రము, జీతపు చీటీలు, బ్యాంకు పద్దులు భద్రపరుపవలెను.

భవిష్యనిధి విషయమున మరొక జాగ్రత్త. కొత్తచోట చేరినప్పుడు పాత ఖాతా తీసివేయక, దానిని కొత్త కొలువునకు బదిలీ చేయించుకొన్నచో సేవ కలిసివచ్చును. పదేండ్ల సేవ నిండినవారికి 58వ యేట నుండి నెలసరి పింఛనుకు అర్హత కలుగును. ఎనిమిదేండ్ల కడ ఆవేశముతో సొమ్మంతయు తీసికొన్నవారు ఈ ఆసరాను చేజేతుల తెంచుకొనినవారగుదురు.

ఉద్యోగములో ఉండగనే కొత్త పనిని పరీక్షించి చూతమన్నచో దానికిని హద్దులున్నవి. 1964 నాటి ప్రవర్తన నియమముల ప్రకారము ప్రభుత్వోద్యోగి అనుమతి లేక వ్యాపారము చేయరాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషన్లు చెప్పుటను నిషేధించినది. భార్యపేరనో, తమ్ముని పేరనో గుట్టుగా నడుపుట కంటె, సెలవులలో నేర్చుకొనుట, చూచుట, అడుగుట మేలు. ఇవి ఏ నియమమునకును అడ్డు కావు.

మనస్సును గూర్చి ఒక మాట. బడి విడిచిన మొదటి జూన్ నెల కష్టముగ ఉండును. పిల్లలు కొత్తపుస్తకములతో వీథివెంట పోవునప్పుడు, ఉదయపు గంట వినబడినప్పుడు, కాళ్లు తమంతట తామే అటు కదలును. అంగడిలో తనకంటె చిన్నవాడు, ఒకప్పటి శిష్యుడే, యజమానియై పని చెప్పవచ్చును. ‘సార్, ఈ బిల్లు తప్పినది’ అని అతడన్నప్పుడు నొచ్చుకొనక, సరిదిద్దుకొని నవ్వగలుగుటయే కొత్త వృత్తికి ప్రవేశ పరీక్ష. నేర్పినవానికి నేర్చుకొనుట తెలియదా? తెలియును, కాని చాలకాలము చేయకపోవుటచే మరపునపడి యుండును.

తుదకు, విడిచిన తలుపు మూతపడదని గుర్తుంచుకొనుడు. టెట్ అర్హతా పత్రము ఏడేండ్లకే చెల్లునను నియమమును 2021లో తొలగించి, జీవితాంతము చెల్లునట్లు చేసిరి. మరల బడికి రాదలచినవానికి ఆ కాగితము పెట్టెలో భద్రముగ ఉండును. వృత్తి మార్చదలచిన అయ్యవారు ఈ నెలలో మూడు పనులు చేసినచో చాలును: తమ సేవకు రావలసిన సొమ్మెంతో వ్రాతమూలకముగ తెలిసికొనుట, ఇంటి నెలసరి ఖర్చును దాపరికము లేక భార్యాభర్తలు కూర్చుండి లెక్కవేయుట, చేయదలచిన పనిలో ఉన్న ముగ్గురిని కలిసి, వారి లాభము కంటె నష్టమును గూర్చి ఎక్కువగా అడుగుట. ఈ మూడును ముగిసిన పిమ్మటనే ఉండుటయో, పోవుటయో నిశ్చయించుకొనుట క్షేమము. ఉన్నను, పోయినను, ఊరు పిలుచు పిలుపు మాత్రము మారదు.